పురుషాంగం ముందోలు కింద ఎరుపు, మంట తగ్గడం లేదు

ప్రశ్న: ఎరుపు తగ్గినట్టే తగ్గి తిరగబెడుతోంది. రోజుకు రెండుసార్లు సబ్బుతో కడిగినా మంటే. ఏం చేయాలి?

జవాబు 1: ముందు ఆ సబ్బు మానండి, మంటను పెంచేది అదే కావచ్చు. యాంటీసెప్టిక్ ద్రవాలూ వద్దు. రోజుకోసారి ముందోలు వెనక్కి లాగి గోరువెచ్చని నీళ్లతో కడిగి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దండి. ఆరాక ముందోలును తప్పక ముందుకు తేవాలి. వెనకే వదిలేస్తే బిగుసుకుని వాస్తుంది, అది వెంటనే వైద్యం కావలసిన అత్యవసర పరిస్థితి.

జవాబు 2: దురద, తెల్లటి పొర ఉంటే ఫంగస్ కావచ్చు. క్లోట్రిమజోల్ 1% క్రీమ్ పలచగా, రోజుకు రెండుసార్లు, 7 నుంచి 14 రోజులు. స్టిరాయిడ్ కలిపినవి సొంతంగా వాడొద్దు. పైకి ఎరుపు తగ్గుతుంది, ఫంగస్ మాత్రం పెరుగుతుంది.

జవాబు 3: ఇన్నిసార్లు తిరగబెడుతోందంటే షుగర్ పరీక్ష చేయించండి. మూత్రంలో పోయే చక్కెర ఫంగస్‌కు మేత. చర్మం తెల్లబారి ముందోలు బిగుస్తున్నా, పుండు మానకపోయినా క్రీములతో కాలయాపన వద్దు, చర్మవైద్యుడికి చూపించాలి.