‘రోమా’ పేరు ఎక్కడిది?

ప్రశ్న: యూరప్‌లోని రోమా ప్రజలకు ఆ పేరు రోమ్ నగరం నుంచి వచ్చిందా, రొమేనియా నుంచా? మన లంబాడీలూ వాళ్లూ ఒకటేనని వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమేనా?

జవాబు: రెండిటి నుంచీ కాదండీ. రోమానీ భాషలో ‘రోమ్’ అంటే తమ జాతి మగవాడు, భర్త అనీ అర్థం. సంస్కృతంలోని ‘డోంబ’, ఉత్తరాది ‘డోమ్’ దీనికి మూలమని ఎక్కువమంది భాషావేత్తల మాట. డకారం రేఫ ఎలా అయిందంటారా? ఆ భాషలో అది మామూలే. మనం ‘అండం’ అనేది వాళ్లకు ‘అన్రో’, అంటే గుడ్డు. సంస్కృత ‘మండకం’ అక్కడ ‘మన్రో’ అయి రొట్టెకు పేరుగా నిలిచింది. మన కావ్యాల్లోని మండెగలు దానికి చుట్టాలే! పశ్చిమాసియాలో ఇలాంటి మరో సమూహం నేటికీ తమను ‘డోమ్’ అనే చెప్పుకుంటుంది. ఆర్మేనియా వైపు వాళ్లు ‘లోమ్’.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి వాళ్ల అంకెలు. యెఖ్, దుయ్, త్రిన్, ష్తార్, పాంజ్, షోవ్: ఆరు దాకా మనకు తెలిసిన గొంతే. ఏడు దగ్గర ‘ఎఫ్తా’, తర్వాత ‘ఓఖ్తో’, ‘ఎన్యా’. ఈ మూడూ గ్రీకువి. పదికి మళ్లీ ‘దెష్’. దారిని కూడా గ్రీకు మాటతోనే ‘ద్రోమ్’ అంటారు. గ్రీకు మాట్లాడే బైజాంటియం రాజ్యంలో (ఇప్పటి గ్రీసు, టర్కీల వైపు) తరాల తరబడి బతికితే తప్ప అంకెలు మారవు. భారత్ నుంచి యూరప్ దాకా వాళ్ల ప్రయాణానికి రాతపూర్వక ఆధారాలు తక్కువ కాబట్టి ఈ మాటలే మనకు పెద్ద సాక్ష్యం.

లంబాడీల గోర్ బోలిలో ఏడు ‘సాత్’. రెండూ ఇండో ఆర్య భాషలే, కాబట్టి పోలికలు ఉంటాయి. అంతమాత్రాన ఇద్దరూ ఒకటే అనేయడం రెండు జాతుల చరిత్రకూ అన్యాయం.

మరో ప్రశ్న: మరి జిప్సీ అనొచ్చా అండీ?

జవాబు: వాళ్లు ఈజిప్టు నుంచి వచ్చారనుకున్న యూరప్ వాళ్లు పెట్టిన పేరది. బ్రిటన్‌లో కొందరు తమను ఇష్టంగానే అలా చెప్పుకుంటారు. చాలామందికి మాత్రం అది తిట్టులా తగులుతుంది. జిప్సీకి జర్మన్ మాట ‘త్సిగోయ్నర్’ (Zigeuner) ఇంకా బాధపెడుతుంది. ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో నాజీలు ఆ మాట మొదటి అక్షరం ‘Z’నే వాళ్ల చేతుల మీద, ఖైదీ అంకెల ముందు పచ్చబొట్టుగా పొడిచారు. 1971లో లండన్ దగ్గర జరిగిన తొలి ప్రపంచ రోమానీ మహాసభ ఇతరులు పెట్టిన పేర్లు వద్దని ‘రోమా’ను ఎంచుకుంది. మన రాతల్లోనూ అదే వాడదాం.