బొల్లికి ఆల్ఫా-ఎంఎస్‌హెచ్ గుళిక: మన చామనఛాయకు పనికొస్తుందా?

గుళిక_16:
నారోబ్యాండ్ లైటుకు, అంటే చర్మానికి పట్టే అతినీలలోహిత కాంతి చికిత్సకు, ఈ హార్మోను తోడైతేనే బొల్లి త్వరగా మళ్లుతుందని నా వాదన. ఆల్ఫా-ఎంఎస్‌హెచ్ మన ఒంట్లోనే తయారయ్యే 13 అమైనో ఆమ్లాల పెప్టైడ్, అంటే చిన్న ప్రొటీన్ గొలుసు. రంగు తయారుచేసే కణం మెలనోసైట్. దాని మీది ఎంసీ1 రిసెప్టర్‌కు (హార్మోనును అందుకునే గ్రాహకం) తగులుకుంటే మెలనిన్ అనే రంగు పుడుతుంది. కాకపోతే రక్తంలో నిమిషాల్లోనే విరిగిపోతుంది. అందుకే రెండు అమైనో ఆమ్లాలు మార్చి అఫామెలనోటైడ్ చేశారు. 2015లో వెలువడిన ట్రయల్‌లో 55 మంది. నారోబ్యాండ్ లైటుతోపాటు చర్మం కింద నెలకొక 16 మి.గ్రా. అఫామెలనోటైడ్ గుళిక, మొత్తం నాలుగు. ఆరు నెలలకు దాదాపు 49 శాతం రంగు తిరిగొచ్చింది. లైటు ఒక్కటే పెట్టినవాళ్లలో 33. పైగా ఇది వాపును కూడా తగ్గించే హార్మోను.

నారోబ్యాండ్:
మచ్చేదో మంచి చర్మమేదో హార్మోనుకు తెలియదండీ. చుట్టూ ఉన్న చర్మం ముందే నల్లబడి, మచ్చ ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ముఖం మీద మచ్చ ఉన్నవాళ్లకు ఆ నెలలు నరకం. వాపు సంగతంటారా, మచ్చలు పాకుతుంటే దీన్ని నమ్ముకోకూడదు. వారంలో వరుసగా రెండు రోజులే కొద్ది మోతాదులో ఇచ్చే స్టెరాయిడ్‌తో (మినీపల్స్) ముందు పాకడం ఆపాలి. ఇక అనుమతి: 2014లో యూరప్, 2019లో అమెరికా ఒప్పుకున్నది ఎండ తగిలితే మంటలు పుట్టే ఈపీపీ అనే అరుదైన జబ్బుకే.

సీసా_వద్దు:
ఆన్‌లైన్లో సీసాల్లో దొరికే మెలనోటాన్-2 పొడిని, అంటే ఈ హార్మోనుకే మరో కృత్రిమ నకలును, దీనికి చవక ప్రత్యామ్నాయం అనుకోకండి. అది ఎంసీ1 దగ్గర ఆగదు. మెదడులో ఆకలిని నడిపే ఎంసీ4 అనే మరో రిసెప్టర్‌నూ కదుపుతుంది. వికారం, ఆకలి చచ్చిపోవడం, మగవాళ్లలో అకారణంగా అంగస్తంభన అందుకే. పుట్టుమచ్చలు నల్లబడితే మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అనుమానం వచ్చినప్పుడు పోల్చి చూడటమే కష్టం. అటు నుంచి ఇటూ అంతే: ఎంసీ4 కోసం చేసిన ఊబకాయం మందు సెట్‌మెలనోటైడ్ కూడా చర్మాన్ని నల్లబరుస్తుంది.

గుళిక_16:
సీసాల విషయంలో మీ మాటే నా మాట. గుళిక అందరికీ అననూ అనను. రంగు తిరిగొచ్చేది ఎక్కువగా వెంట్రుక కుదుళ్లలో మిగిలిన కణాల నుంచి. వేళ్ల చివర, పెదవి, వెంట్రుకలు నెరిసిన మచ్చ అయితే దండగే.

నారోబ్యాండ్:
అది ఒప్పుకుంటే గొడవే లేదు. కానీ చాలామంది లైటునే సరిగా పూర్తి చేయరు. చ.సెం.మీ.కు 200 మిల్లీజౌళ్ల కాంతి మోతాదుతో మొదలుపెట్టి, వారానికి మూడుసార్లు, ప్రతిసారీ 10 నుంచి 20 శాతం పెంచాలి. 24 గంటల్లో పోయే లేత ఎరుపు వచ్చాక అక్కడే ఉంచాలి. బొబ్బ లేస్తే ఆపి, మానాక మోతాదు తగ్గించి మళ్లీ మొదలెట్టాలి. పని చేయలేదనడానికి ముందు కనీసం 72 సిట్టింగులు కావాలి. 20 దగ్గర మానేసినవాళ్లకు గుళిక గురించి అడిగే అవసరమే రాలేదన్నట్టు.