మాంజీనీ పదమూడేళ్లు డ్రీమ్ థియేటర్‌కు అధ్యాయమా, విరామమా?

తూర్పుగాలి

డ్రమ్మర్ మైక్ పోర్ట్నాయ్ తిరిగి అమెరికన్ ప్రోగ్రెసివ్ మెటల్ బ్యాండ్ డ్రీమ్ థియేటర్‌లో చేరుతున్నాడని 2023 అక్టోబరు 25న ప్రకటన వచ్చినప్పటి నుంచి మన మెటల్ శ్రోతల మధ్య "ఇన్నాళ్లకు అసలు బ్యాండ్ తిరిగొచ్చింది" అనే మాట పదేపదే వినిపిస్తోంది. 2025 ఫిబ్రవరిలో 'పారాసోమ్నియా' ఆల్బమ్ విడుదలయ్యాక ఆ మాట మరింత గట్టిపడింది. ఆ సంతోషంలో నాకూ పాలు ఉంది. అయితే ఆ మాటకు అర్థం, మైక్ మాంజీనీ డ్రమ్స్ ముందు కూర్చున్న కాలమంతా అసలు కాదనే కదా. అది నాకు అన్యాయంగా తోస్తున్నందువల్లనే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

కొత్తగా వింటున్నవారి కోసం కొంత చెబుతాను. 1985లో బోస్టన్‌లోని బర్‌క్లీ సంగీత కళాశాలలో చదువుకుంటున్న గిటారిస్టు జాన్ పెట్రూచీ, బేస్ గిటారిస్టు జాన్ మయంగ్, పోర్ట్నాయ్ కలిసి 'మెజెస్టీ' అనే పేరుతో ఈ బ్యాండ్‌ను ప్రారంభించారు. ఆ పేరు తమదని మరో బ్యాండ్ అభ్యంతరం చెప్పడంతో, కాలిఫోర్నియాలోని మాంటెరేలో ఉన్న ఒక సినిమా హాలు పేరును పోర్ట్నాయ్ తండ్రి సూచించారు. అలా డ్రీమ్ థియేటర్ అయింది. 1992లో 'ఇమేజెస్ అండ్ వర్డ్స్' ఆల్బమ్ వచ్చింది. ఎనిమిది నిమిషాలు దాటిన 'పుల్ మీ అండర్' రేడియోల్లోనూ ఎంటీవీలోనూ మోగి వారిని నిలబెట్టింది. 2010 సెప్టెంబరులో పోర్ట్నాయ్ వెళ్లిపోయాడు. ఏడుగురు డ్రమ్మర్లను న్యూయార్క్‌కు పిలిపించి, 'ఎ నైట్‌మేర్ టు రిమెంబర్', 'ది డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ', 'ది స్పిరిట్ క్యారీస్ ఆన్' అనే మూడు పాటలు వాయింపజేసి, ఆపైన అప్పటికప్పుడు వినిపించిన రిఫ్‌లకు (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరుసలకు) లయ కట్టమని పరీక్షించి, చివరికి మాంజీనీని ఎంచుకున్నారు. ఆయన బర్‌క్లీలో అధ్యాపక ఉద్యోగాన్ని వదులుకుని వచ్చాడు.

ఆయనతో ఐదు స్టూడియో ఆల్బమ్‌లు వచ్చాయి. బ్యాండ్‌కు మొట్టమొదటి గ్రామీ 2022లో వచ్చింది, అదీ ఆయన వాయించిన 'ది ఏలియన్' పాటకే. వ్యవస్థాపక సభ్యుడు వెళ్లిపోయిన తరువాత విడిపోకుండా, పాత పాటలను మాత్రమే వాయించే బృందంగా మిగిలిపోకుండా, మరో పదమూడేళ్లు కొత్త సంగీతం చేసిన కాలాన్ని విరామమని ఎలా అంటాం?

చాపుతాళం

తూర్పుగాలి గారూ, మాంజీనీ విద్వత్తును నేనేమీ తక్కువ చేయను. మృదంగం పన్నెండేళ్లు నేర్చుకున్నవాడిని. కుడిచేతితో ఎంత ధారాళంగా వాయిస్తాడో ఎడమచేతితోనూ అంతే ధారాళంగా వాయించడానికి వీలుగా రెండు వైపులా సమానంగా అమర్చుకున్న ఆ డ్రమ్‌సెట్‌ను చూసినప్పుడల్లా నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. నా వాదన ఆయన చేతుల గురించి కాదు.

కచేరీలో పక్కవాద్యం మారినా కచేరీ అదే కచేరీగా ఉంటుంది, ఎందుకంటే దానిని నడిపేది గాయకుడు. కూచిపూడి ప్రదర్శనలో నట్టువాంగం పట్టినవారు మారితే అలా కాదు. ఎక్కడ ఆపాలి, ఎక్కడ ఎత్తుకోవాలి, ఏ అంశం తరువాత ఏది రావాలి అన్నది ఆ తాళాలు పట్టిన చేతిలోనే ఉంటుంది. డ్రీమ్ థియేటర్‌లో పోర్ట్నాయ్‌ది పక్కవాద్యం కాదు, నట్టువాంగం. మాంజీనీకి అప్పగించింది పక్కవాద్యం. ఇద్దరూ ఒకే స్థానంలో కూర్చున్నా ఇద్దరి పని ఒకటి కాదు.

ఒక్క ఉదాహరణ కాస్త దగ్గరగా చూడండి. 1999లో వచ్చిన 'సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ' చివర, కథ ముగిసిన తరువాత, ఒక గరగర శబ్దం మిగిలిపోతుంది. 2002 నాటి 'సిక్స్ డిగ్రీస్ ఆఫ్ ఇన్నర్ టర్బులెన్స్' ఆ శబ్దంతోనే మొదలవుతుంది. ఆ ఆల్బమ్ చివర సాగదీసిన స్వరసమూహం 2003 నాటి 'ట్రెయిన్ ఆఫ్ థాట్' ఆరంభంలో వినిపిస్తుంది. 'ట్రెయిన్ ఆఫ్ థాట్' ఒకే ఒక్క పియానో స్వరంతో ఆగిపోతే, 2005 నాటి 'ఆక్టవేరియం' ఆ స్వరం మీదనే కళ్లు తెరుస్తుంది. ఇరవై నాలుగు నిమిషాల పాట పూర్తయి ఆ ఆల్బమ్ ముగిసేటప్పుడు మళ్లీ అదే స్వరానికి చేరుకుంటుంది. నాలుగు ఆల్బమ్‌లను ఒక దండగా గుచ్చి చివర ముడివేసిన పని అది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని నాలుగింటినీ వరుసగా విన్న రాత్రి నాకు ఇప్పటికీ గుర్తే.

దానితోపాటు, మద్యవ్యసనం నుంచి తాను బయటపడిన పన్నెండు మెట్ల ప్రయాణాన్ని 'ది గ్లాస్ ప్రిజన్' నుంచి 'ది షాటర్డ్ ఫోర్ట్రెస్' వరకు ఐదు ఆల్బమ్‌లలో ఐదు పాటలుగా పరచినవాడు పోర్ట్నాయే. ఏ ఊరిలో మునుపు ఏ పాటలు వాయించారో చూసుకుని, అక్కడి శ్రోతలకు కొత్త వరుస వినిపించేలా కచేరీలను రూపొందించినవాడూ ఆయనే. 'సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ' నుంచి పెట్రూచీతో కలిసి నిర్మాణ బాధ్యత మోశాడు. 2011లో 'ఎ డ్రమాటిక్ టర్న్ ఆఫ్ ఈవెంట్స్' స్వరరచన జరిగినప్పుడు మాంజీనీ ఆ గదిలోనే లేడు. పెట్రూచీ కంప్యూటర్‌లో రాసి పెట్టిన డ్రమ్స్ భాగాలను తీసుకుని, తనదైన తీరులో వాయించి ఇచ్చాడు. ఇది ఆయన తప్పు కాదు, కాని ఆ కాలపు తీరు అది. గ్రామీ ఒక పాటకు వస్తుంది. బ్యాండ్ నడతకు అది కొలబద్ద కాదు.

గోదావరిగట్టు

మీ ఇద్దరి వాదమూ డ్రమ్స్ చుట్టూనే తిరుగుతోంది. నా దృష్టిలో ఈ బ్యాండ్‌కు పూడ్చలేని లోటు 2010లో కాదు, 1994లో వచ్చింది.

'అవేక్' ఆల్బమ్ పని పూర్తికాకముందే కీబోర్డు వాద్యకారుడు కెవిన్ మూర్ తప్పుకున్నాడు. ఆ ఆల్బమ్ చివరి పాట 'స్పేస్-డై వెస్ట్' ఆయన ఒక్కడే రాసినది. దానిలో ఆర్భాటం లేదు, వేగం లేదు. నెమ్మదైన పియానో, ఒంటరితనం, చివరలో మీద పడే గిటార్ల బరువు, అంతే. అటువంటి పాట తరువాత ముప్పై ఏళ్లలో ఈ బ్యాండ్ నుంచి మళ్లీ రాలేదు. ఇప్పటి కీబోర్డు వాద్యకారుడు జోర్డన్ రూడెస్ మహా విద్వాంసుడు, 1999 నుంచి ఆయన లేని డ్రీమ్ థియేటర్‌ను ఊహించలేం. అయినా మూర్ పాటలో ఉన్న మౌనం వేరు. నడుమ కీబోర్డు వాయించిన డెరిక్ షెరీనియన్ కాలంలో రికార్డు కంపెనీ ఒత్తిడి వల్ల 'ఫాలింగ్ ఇంటు ఇన్ఫినిటీ' ఎటూ కాకుండా పోయింది. పోర్ట్నాయ్ అప్పుడు బ్యాండ్‌లోనే ఉన్నాడు కదా, నట్టువాంగం పట్టిన చేయి అన్నిసార్లూ గెలవలేదన్న మాట.

ఇంకొక సంగతి. ఆ 'స్పేస్-డై వెస్ట్'ను పోర్ట్నాయ్ ఉన్నంతకాలం వేదిక మీద వాయించలేదు. 2014లో వాయించారు. ఆ ఏడాది మార్చిలో బోస్టన్ ఒపేరా హౌస్‌లో, తాము చదువుకున్న బర్‌క్లీ విద్యార్థుల వాద్యబృందాన్నీ గాయకులనూ వెంట నిలబెట్టుకుని కచేరీ చేశారు. డ్రమ్స్ ముందు మాంజీనీ ఉన్నాడు. పాత లోటును తడిమి చూసే ధైర్యం ఆ కాలంలోనే వచ్చింది. దానిని విరామం అనడానికి నాకు మాత్రం నోరు రాదు.

తూర్పుగాలి

గోదావరిగట్టు గారికి ధన్యవాదాలు, బోస్టన్ కచేరీని నేను మరిచిపోయాను.

చాపుతాళం గారూ, మీ నట్టువాంగం పోలిక నన్ను రెండు రోజులు ఆలోచింపజేసింది. దానిలో సత్యం ఉంది, ఒప్పుకుంటున్నాను. మీరు చెప్పకుండా వదిలేసిన బలమైన సాక్ష్యాన్ని నేనే మీ పక్షాన పెడతాను: 2016 నాటి 'ది ఆస్టోనిషింగ్'. రెండు డిస్కులు, ముప్పై నాలుగు ట్రాకులు, రెండు గంటలకు పైబడిన నిడివి, భవిష్యత్తులో ఎక్కడో యంత్రాలు మాత్రమే సంగీతం చేసే సామ్రాజ్యం కథ. కథ పెట్రూచీది, నిర్మాణమూ పెట్రూచీదే. దానిలో కొన్ని చక్కని రాగాలున్నాయి, కాని మొత్తం వినేసరికి అలసట వస్తుంది. "ఇందులో సగం తీసేద్దాం" అని చెప్పగల మనిషి ఆ గదిలో లేడన్నది వింటుంటేనే తెలుస్తుంది. పోర్ట్నాయ్ ఉంటే చెప్పేవాడేమో.

అయితే కథ అక్కడ ఆగలేదు. 2018 వేసవిలో ఐదుగురూ న్యూయార్క్ రాష్ట్రంలోని మాంటిసెల్లో దగ్గర ఒక పాత కొట్టాన్ని మలచిన స్టూడియోకు మకాం మార్చి, కలిసి వండుకుని తింటూ, ఒకే గదిలో కూర్చుని 'డిస్టెన్స్ ఓవర్ టైమ్' రాశారు. అంత పెద్ద ఆల్బమ్ తరువాత గంటలో ముగిసే ఆల్బమ్ చేశారు. 'రూమ్ 137' అనే పాటకు సాహిత్యం రాసింది మాంజీనీ. 2011లో గది బయట ఉన్నవాడు ఏడేళ్లకు గది లోపల కూర్చుని మాట రాశాడు. మీరు చూపిన ఏర్పాటు ఆ కాలపు ఆరంభానిది, ఆ కాలమంతటిదీ కాదు. ఆ తరువాతి ఆల్బమ్‌లోని 'ది ఏలియన్' నన్ను అడిగితే కేవలం బహుమతి పాట కాదు. దానిలో డ్రమ్స్ గిటార్‌ను అనుసరించవు, గిటార్‌తో వాదిస్తాయి.

మాంజీనీ కాలపు రికార్డింగులలో డ్రమ్స్ మోత పొడిగా, ప్రాణం లేకుండా ఉంటుందని చాలామంది అంటారు. ముఖ్యంగా 2013 ఆల్బమ్‌లో స్నేర్ (డ్రమ్‌సెట్‌లో చురుకుగా మోగే చిన్న డ్రమ్) శబ్దం నాకూ నచ్చదు. కాని 'ఇమేజెస్ అండ్ వర్డ్స్'లో నిర్మాత డేవిడ్ ప్రేటర్ పట్టుబట్టి అసలు డ్రమ్స్ స్థానంలో యంత్రం ద్వారా ముందే పదిలపరచిన శబ్దాలను పెట్టించాడు, అది పోర్ట్నాయ్‌కే గిట్టలేదు. ఆ కారణంగా ఆ ఆల్బమ్‌ను ఎవరైనా లెక్కలోంచి తీసేశారా?

చాపుతాళం

శబ్దం విషయంలో మీరన్నది న్యాయమే. ఆ అభ్యంతరం నేనెప్పుడూ పెట్టలేదు.

కాని మాంజీనీ స్వయంగా ఏమన్నాడో గుర్తు చేస్తాను. 2023లో తప్పుకుంటూ ఇచ్చిన ప్రకటనలో, పోర్ట్నాయ్ నిర్వహించిన పాత్రలన్నీ భర్తీ చేయడం మొదటి రోజు నుంచీ తన పని కాదనీ, బ్యాండ్ ముందుకు సాగేందుకు డ్రమ్స్ వాయించడమే తన పని అనీ చెప్పాడు. నిందించలేదు, నిష్ఠూరమాడలేదు. అంత హుందాగా వేదిక దిగినవారిని నేను ఎక్కువగా చూడలేదు. కాని నా వాదన ఆయన మాటలోనే ఉంది కదా. ఆయనకు ఇచ్చింది వాద్యం మాత్రమే.

తూర్పుగాలి

అదే ప్రకటనను నేను మరోలా చదివాను. "బ్యాండ్ ముందుకు సాగేందుకు" అన్నాడు చూడండి. 2010 చివరలో ఈ బ్యాండ్ ఎక్కడ నిలబడి ఉందో ఆలోచించండి. పాతికేళ్ల పాటు బయటి ప్రపంచానికి తమ ముఖంగా, గొంతుగా నిలిచిన మనిషి వెళ్లిపోయాడు. కొంతకాలం ఆగుదామన్నది ఆయన కోరిక, ఆగవద్దన్నది మిగిలిన నలుగురి నిర్ణయం. ఆపైన ఆయన తిరిగి రావాలనుకున్నా అప్పటికే కొత్త మనిషికి మాట ఇచ్చేశారు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు. ఆ మాట మీద నమ్మకంతో ఉద్యోగం వదులుకుని వచ్చినవాడు పదమూడేళ్లు ఒక్క కచేరీకీ లోటు రాకుండా చూశాడు. పోర్ట్నాయ్ తిరిగి రావడానికి ఒక ఇల్లు ఇంకా నిలిచి ఉందంటే, దానిలో రోజూ దీపం వెలిగినందువల్లనే.

ఇక చివరగా ఒక్కటి. 2024 అక్టోబరు 20న లండన్‌లోని ఓ2 అరీనాలో నలభయ్యేళ్ల యాత్ర మొదలైనప్పుడు పాటల జాబితా చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. 'మెట్రోపోలిస్' ఉంది, 'ఆక్టవేరియం' ఉంది, అవి ఉంటాయని అందరికీ తెలుసు. వాటి మధ్య 2019 నాటి 'బార్‌స్టూల్ వారియర్', 2011 నాటి 'దిస్ ఈజ్ ద లైఫ్' కూడా ఉన్నాయి. రెండూ మాంజీనీ రికార్డు చేసిన పాటలే. తాను లేనప్పుడు పుట్టిన పాటలను నేర్చుకుని, తాను స్థాపించిన బ్యాండ్‌లో, తాను తిరిగి వచ్చిన మొదటి రాత్రి, పోర్ట్నాయ్ వాయించాడు.

చాపుతాళం

ఆ జాబితా నేనూ చూశాను. రెండు పాటలే కదా అనబోయి ఆగాను. 'బార్‌స్టూల్ వారియర్' రెండు వాయింపులనూ ఈ వారం పక్కపక్కన పెట్టుకుని తాళం వేస్తూ వింటాను. పోర్ట్నాయ్ ఎక్కడ మాంజీనీ నడకను ఉన్నదున్నట్టు ఉంచాడో, ఎక్కడ తన నడకకు మార్చుకున్నాడో రాసుకుని వచ్చి ఇక్కడే పెడతాను. నట్టువాంగం గురించి నేనన్న మాటను మాత్రం అప్పటివరకు వెనక్కి తీసుకోవడం లేదు.