కొటోనూలో చవక హోటల్: మిగులు ఎవరికి, ముప్పు ఎవరికి?

ఉప్పుటేరు

కాకినాడలో ఉప్పుడు బియ్యం ఎగుమతి చేసే సంస్థలో పనిచేస్తాను. జూన్‌లో మా సరుకుతో ఓడ బెనిన్ దేశంలోని కొటోనూ రేవుకు చేరుతుంది. బస్తాల దింపుడు దగ్గరుండి చూసుకోవడానికి నన్నూ, కొత్తగా చేరిన ఒక కుర్రవాణ్నీ పంపుతున్నారు. బసకూ భోజనానికీ కలిపి రోజుకు ఇంత అని లెక్కగట్టి భత్యం ముందే చేతికిస్తారు. రసీదులు అడగరు. మిగిలింది మనదే.

చిక్కంతా ఈ మిగులుతోనే వచ్చింది. ఇంతకుముందు వెళ్లివచ్చినవాళ్లలో కొందరు "అక్పాక్పా పేటలో ఫ్యాను గది తీసుకో, తిరిగొచ్చాక ఆ డబ్బుతో ఇంటికి ఫ్రిజ్ కొనుక్కోవచ్చు" అంటున్నారు. మిగతావాళ్లు "ఆ గదుల్లో మిగిల్చింది ఆసుపత్రికి కడతావు, 'ఏ వీవ్' (Haie Vive) అనే ఖరీదైన పేట వైపు మంచి హోటల్ చూసుకో" అంటున్నారు. ఇరుపక్షాలూ అనుభవం మీదే చెబుతున్నామంటున్నాయి. నాకు ఫ్రెంచి రాదు. మీరైతే ఏం చేస్తారు?

పాతకాపు

చవక గదిలోనే ఉంటాను. అయితే మీవాళ్లు చెప్పిన పేటలో మాత్రం కాదు.

కొటోనూ ఇసుక తిన్నె మీద కట్టిన ఊరు. దక్షిణాన సముద్రం, ఉత్తరాన నోకుయే సరస్సు, ఊరిని రెండుగా చీలుస్తూ ఆ రెండింటినీ కలిపే కాలువ. రేవు పడమటి ఒడ్డున ఉంది, అక్పాక్పా తూర్పు ఒడ్డున ఉంది. పొద్దున పనులకు వెళ్లే జనమంతా వంతెనల మీదికే ఎక్కుతారు. రేవులో పని పెట్టుకుని అవతలి ఒడ్డున కాపురం పెట్టడం ఏమి తెలివి? గాన్హి పేట రేవును ఆనుకునే ఉంటుంది, బ్యాంకులూ వ్యాపార కార్యాలయాలూ అక్కడే. చీకటి పడితే నిర్మానుష్యమవుతుందన్నది నిజమే. అది నచ్చకపోతే కాజెహూన్ పేట చూడండి. విమానాశ్రయం కూడా ఊళ్లోనే, ఆ పక్కనే ఉంది.

ధర సంగతి. మామూలు హోటళ్లలో ఫ్యాను గదికి ఒక ధర, ఏసీ గదికి ఒక ధర చెబుతారు. అక్కడి డబ్బు సీఫా ఫ్రాంకు; 10,000 సీఫా ఫ్రాంకులంటే 15 యూరోల పైచిలుకు. ఆ దరిదాపుల్లో ఫ్యాను గది దొరుకుతుంది, ఏసీ కావాలంటే ఇంకో సగం వేసుకోండి. సీఫాను యూరోకు 655.957 చొప్పున కట్టేశారు కాబట్టి ఆ తీరంలోని ఘనా, నైజీరియాల్లోలాగా నిరుడు విన్న ధర ఈ ఏడు వింతగా మారిపోదు.

ఇక మీ ఆఫీసువాళ్లు మరిచిపోయిన విషయం ఒకటి ఉంది. జూన్ అక్కడ వానలకు నడినెల. చినుకు పడితే బియ్యం ఓడ హాచ్‌లు, అంటే సరుకు అరల మూతలు, మూసేస్తారు, దింపుడు ఆగిపోతుంది. పది రోజుల పని ఎన్నాళ్లకు తెములుతుందో చెప్పే నాథుడు ఉండడు. కాబట్టి రోజు లెక్కన కాకుండా వారం లెక్కన బేరమాడండి. మేడ మీది గది అడగండి. పక్క సందుల్లో చాలావాటికి తారు లేదు. వాన వెలిసినా నీళ్లు ఇంకవు, కింది గదుల్లో చెమ్మ వాసన వదలదు.

పద్దుల పుస్తకం

పాతకాపు గారు వంతెనల గురించి చెప్పినదంతా ఒప్పుకుంటాను. నేను లెక్కల తనిఖీ పని మీద ఆ తీరమంతా తిరిగే ఆడమనిషిని. ఆయన చెప్పనిది నేను చెబుతాను.

అక్కడి చవక హోటళ్లలో చాలావాటికి గంటల లెక్కన గదులిచ్చే వ్యాపారం ఉంటుంది. కొన్నిచోట్ల ఆ ధర రాత్రి ధర పక్కనే బోర్డు మీద రాసి ఉంటుంది, ఎవరూ దాచరు. తప్పొప్పులు నాకనవసరం. కానీ రాత్రంతా తలుపులు దబదబలాడుతుంటాయి, కాపలావాడికి ఏ ముఖం ఏ గదిదో తెలియదు. జోంకే పేటలో అయితే కింద బారు, పైన గది. మగవాళ్లకు ఇది చిన్న ఇబ్బంది కావచ్చు, సంచిలో సంస్థ పత్రాలూ నగదూ పెట్టుకుని తిరిగేవాళ్లకు చిన్నది కాదు. గంటల ధర ఉందా అని ముందే అడగండి. ఉందంటే వచ్చిన దారినే వెనక్కి తిరగండి.

అసలు నా అభ్యంతరం హోటల్ మీద కాదు, భత్యం మీద. రసీదులు అడగకపోవడం మీ మీద నమ్మకమని మురిసిపోకండి. రేపు ఏమైనా జరిగితే "మంచి హోటల్‌కు సరిపడా ఇచ్చాం, అతనే చవక చోటు ఎంచుకున్నాడు" అనడానికి దారి తెరిచి పెట్టుకున్నారు. ముప్పంతా మీ పద్దులోకి వచ్చింది, మిగులు పేరు చెప్పి మీ చేతనే సంతకం చేయించారు. గది సంస్థే బుక్ చేసి నేరుగా చెల్లించాలి. భోజనానికి మాత్రమే చేతికివ్వాలి.

లేగోస్ వాసి

పద్మవ్యూహంలోకి వెళుతున్నట్టు భయపెట్టకండి. నేను సరిహద్దు దాటి కారులో కొటోనూ వెళ్లివస్తుంటాను, ఎప్పుడూ చవక చోట్లే దిగుతాను. రాజమండ్రి బస్టాండు ఎదుటి లాడ్జిలో గది చూసుకునేటప్పుడు మనం ఏమేమి చూస్తాం? తలుపు గడియ, పంపులో నీళ్లు, దుప్పటి శుభ్రం. అక్కడా అవే చూడాలి. ఆఫ్రికా అనగానే మన తెలివిని ఇంటి దగ్గరే వదిలి వెళ్లనక్కరలేదు.

అక్పాక్పాను పాతకాపు గారు తీసిపారేశారు కానీ అటు నైజీరియా వ్యాపారులు దిగే హోటళ్లున్నాయి. వాటిలో ఇంగ్లీషు పలికేవాళ్లు దొరుకుతారు. ఫ్రెంచి రానివాడికి అది ఎంత ఊరటో, పోలీసు ఫారం చేతిలో పెట్టుకుని నిలబడినప్పుడు తెలుస్తుంది. హోటల్‌లో దిగిన విదేశీయులు పాస్‌పోర్టు వివరాలతో ఆ ఫారం నింపాలి. నింపి ఇవ్వండి కానీ పాస్‌పోర్టు మాత్రం కౌంటరులో వదిలి రావద్దు.

కరెంటు గురించి ఎవరూ ఎత్తలేదు. పాతవాళ్లయితే జనరేటర్ లేని హోటల్ గడప తొక్కవద్దంటారు. 2019లో బెనిన్‌లోని మరియా గ్లేటాలో 127 మెగావాట్ల విద్యుత్ కేంద్రం మొదలైంది. అంతకుముందు కరెంటు చాలావరకు ఇరుగు పొరుగు దేశాల నుంచి కొనుక్కునేవారు. వాళ్ల దగ్గర కొరత వస్తే కొటోనూలో దీపాలు ఆరేవి. ఇప్పుడు ఆ బాధ బాగా తగ్గింది. జనరేటర్ పేరు చెప్పి అదనంగా అడిగే హోటల్‌కు ఇవ్వనక్కరలేదు.

పాతకాపు

తగ్గింది, పోలేదు. వానాకాలం రాత్రి ఫ్యాను ఆగిన గదిలో ఒక గంట పడుకుని అప్పుడు చెప్పండి. నేను ఏసీకి డబ్బు ఇవ్వను, జనరేటర్‌కు ఇస్తాను.

వంతెన విషయంలోనూ తగ్గను. ఇంగ్లీషు కోసం రోజూ రెండుసార్లు కాలువ దాటడంకంటే, ఫోనులో అనువాదం పెట్టుకుని గాన్హిలో ఉండటం మేలు.

మందులచీటీ

డాక్టరుగా మాట్లాడుతున్నాను. ఆసుపత్రి సంగతి ఎత్తారు కాబట్టి.

"మన ఏజెన్సీ ప్రాంతంలోనూ మలేరియా ఉంది, మనకు అలవాటే" అని వెళ్లేవాళ్లు నాకు తరచూ తగులుతారు. మైదానంలో పెరిగినవాడికి ఆ అలవాటు లేనే లేదు. ఉన్నవాళ్లకైనా ఊరు మారితే నిలవదు. బెనిన్‌లో ఎక్కువగా ఉండేది ఫాల్సిపేరం రకం, మెదడుకు పాకి ప్రాణం తీయగలిగినది. అక్కడ ఏ నెలా సెలవు లేదు, వానల్లో మరీ ఎక్కువ. ముందుజాగ్రత్త మాత్రలు ఏవి వేసుకోవాలో మీ డాక్టరు నిర్ణయించాలి. డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. విమానం దిగగానే మానేసేవాళ్లే ఎక్కువ.

మలేరియా దోమ పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారే దాకా కుడుతుంది. కాబట్టి మీ వాదంలో నా ఓటు హోటల్ తరగతికి కాదు, కిటికీ జాలీకి, చిరుగుల్లేని దోమతెరకు. ఖరీదైన హోటల్ ఆరుబయట కొలను పక్కన రాత్రి భోజనం చేసేవాణ్ని కూడా దోమ కుడుతుంది. పది వేల సీఫాల గదిలో తెర కట్టుకుని పడుకున్నవాడు అతనికంటే భద్రం. తెర ఇక్కడి నుంచే తీసుకెళ్లండి, వేలాడదీయడానికి తాడూ నాలుగు కొక్కేలూ మరవద్దు. మూడు నెలల లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా ముందు "ఆఫ్రికా నుంచి వచ్చాను" అని చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి.

గోదారిగట్టు

ఇంత చర్చ ఎందుకండీ? సరుకు కొంటున్న వ్యాపారికి అక్కడ అతిథి గృహం ఉండే ఉంటుంది. మనవాళ్ల వంట, మనవాళ్ల మాట, పైసా ఖర్చుండదు. ఆ కుర్రవాడికి కూడా ధైర్యంగా ఉంటుంది.

పద్దుల పుస్తకం

గోదారిగట్టు గారూ, ఇంత ప్రమాదకరమైన సలహా ఈ చర్చలో ఇంకోటి రాలేదు. ఆయన వెళుతున్నది దింపుడు చూడటానికి. ఎన్ని బస్తాలు తడిశాయి, ఎన్ని చిరిగాయి, లెక్కలో ఎన్ని తగ్గాయి అన్నదాని మీద అమ్మినవాడికీ కొన్నవాడికీ తగవు పడేది సరిగ్గా అక్కడే. రాత్రి వాళ్ల పప్పన్నం తిని, పొద్దున ఓడ దగ్గర "ఈ తడి మా తప్పు కాదు" అని గొంతెత్తగలరా? ఎత్తినా మీ సంస్థ నమ్ముతుందా? డబ్బు పుచ్చుకోని బసకు మాటతో అద్దె కట్టాల్సి వస్తుంది.

లేగోస్ వాసి

ఈ ఒక్కదాంట్లో ఆమెతో ఏకీభవిస్తాను. ఇంకో బెడద కూడా ఉంది. అతిథి గృహంలో ఉంటే వాళ్ల కారు ఎప్పుడు వస్తే అప్పుడే కదలాలి.

ఉప్పుటేరు

అతిథి గృహం మాట మా ఆఫీసులోనూ వచ్చింది, ఈ కోణం మాత్రం ఎవరికీ తట్టలేదు. రెండు ప్రశ్నలు. మా కుర్రవాడు మాంసం ముట్టడు, ఆ ఊళ్లో ఏం తినాలి? ఇద్దరం ఒకే గదిలో సర్దుకుంటే?

లేగోస్ వాసి

తిండికి కొదవ లేదు. వగాషి అని ఫులానీ పశువుల కాపరులు ఆవుపాలతో చేసే జున్ను లాంటిది బజార్లలో దొరుకుతుంది. పైపైన ఎర్రగా ఉండేదాన్ని ముక్కలు కోసి వేయిస్తే పనీరు తినే నోటికి కొత్తగా అనిపించదు. బియ్యం, అలసందలు కలిపి వండేది ఉంది, వేయించిన పండు అరటి ముక్కలున్నాయి. వాళ్ల మిరప కారం గుంటూరువాళ్లను కూడా నీళ్లు అడిగిస్తుంది. జాగ్రత్తపడాల్సింది కూర రసం దగ్గరే. ఎండుచేప, ఎండురొయ్య పొడి చాలావాటిలో పడుతుంది. "మాంసం లేదు" అంటే వాళ్ల లెక్కలో చేప లేదని కాదు. రెండూ విడివిడిగా అడగాలి.

నీళ్లు సీసావి తాగండి, పొసొతొమే అన్నది అక్కడి ఊటనీటి సీసా. మన వాటర్ ప్యాకెట్ల లాంటివి వీధివీధినా చల్లగా అమ్ముతారు, ఊరంతా తాగుతుంది, నేనూ తాగుతాను. డాక్టరుగారు కోప్పడతారేమో.

మందులచీటీ

కోప్పడుతున్నాను. మొదటి వారమైనా సీసా నీళ్లే తాగాలి.

పాతకాపు

ఒకే గది వద్దు. దింపుడు రాత్రి కూడా సాగితే మీరిద్దరూ వంతులవారీగా వెళ్లాల్సి ఉంటుంది. ఒకడు వచ్చి దీపం వేస్తే ఇంకొకడి నిద్ర చెడుతుంది. పైగా మీరు పెద్దవారు, అతను కొత్తవాడు. మంచం మీకు ఇచ్చి తాను చాప మీద పడుకుంటాడు, కాదనలేడు. అతని భత్యంలో మీరు పొదుపు చేయించినట్టవుతుంది. అతనేం మిగిల్చుకుంటాడో అతని ఇష్టానికి వదిలేయండి.

రేవుకు వెళ్లిరావడానికి మోటారుసైకిల్ మీద ఎక్కించుకునే జెమిజాన్‌లుంటాయి. పగలు సరే, ధర ముందే మాట్లాడుకోవాలి. రాత్రి దింపుడు నుంచి వచ్చేటప్పుడు మాత్రం కారే ఎక్కండి. అక్కడ పొదుపు చేయవద్దు. చీకటి పడ్డాక సముద్రపు ఒడ్డుకు చల్లగాలికని కూడా వెళ్లవద్దు.

లేగోస్ వాసి

చూశారా, చవక గది అంటూ మొదలుపెట్టి జనరేటర్, రెండు గదులు, రాత్రి కారు దాకా వచ్చారు. ఇవన్నీ కలిపితే ఏ వీవ్ హోటల్ ధర వస్తుంది.

పాతకాపు

రాదు. కాగితం మీద కూడి చూడండి. వచ్చినా, ఆ డబ్బు దేనికి పోతోందో నాకు తెలిసి పోతుంది.

ఉప్పుటేరు

మేనేజరు గారితో మాట్లాడాను. గదులు సంస్థ బుక్ చేయదట, "ఇంతవరకు ఎవరూ అడగలేదు" అన్నారు. వాన వల్ల పని పొడిగితే ఆ రోజులకు కూడా భత్యం ఇస్తామన్నారు. గాన్హిలో రెండు మేడగదులు, వారం లెక్కన మాట్లాడుతున్నాను. జనరేటర్ ఉందంటున్నారు, గంటల ధర లేదంటున్నారు. వెళ్లాకే తెలుస్తుంది.

పద్దుల పుస్తకం

పొడిగింపు భత్యం నోటిమాటగా వదలకండి, ఈమెయిల్‌లో రాయించుకోండి. గదికి రసీదు కూడా తీసుకోండి, ఎవరూ అడగకపోయినా సరే. నా వాదం మాత్రం అలాగే ఉంది: ఇది మీరు వెతుక్కోవాల్సిన గది కాదు.

మందులచీటీ

ఎల్లో ఫీవర్ టీకా ఇద్దరూ వేయించుకున్నారా? టీకా వేశారని ఇచ్చే ఆ పసుపుపచ్చ కార్డు లేకపోతే కొటోనూ విమానాశ్రయంలోనే ఆపుతారు. తిరిగి వచ్చేటప్పుడు మనవాళ్లు ఆరు రోజుల దాకా విడిగా ఉంచవచ్చు. టీకా వేసిన పదో రోజు నుంచే కార్డు చెల్లుతుంది, తర్వాత జీవితాంతం పనికొస్తుంది. ప్రభుత్వం అనుమతించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్ వెళ్లేట్టయితే నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. ఏ రోజుల్లో వేస్తారో ఫోను చేసి కనుక్కుని బయలుదేరండి. మీ కుర్రవాడికి కోడిగుడ్డు అలర్జీ ఉంటే సూది వేయకముందే అక్కడ చెప్పమనండి.