డీజిల్ మోటార్‌హోమ్ వెనక లాగే కారుకు విడిగా బ్రేకు తప్పనిసరా?

డల్లాస్ బాటసారి:

అందరికీ నమస్కారం. మాది ఇంజిన్ వెనక ఉండే 38 అడుగుల డీజిల్ మోటార్‌హోమ్, అంటే చక్రాల మీది ఇల్లు. నిరుడు పాతది కొన్నాం. అందులోని పట్టీ ప్రకారం బండి బరువు సామానుతో సహా 32,000 పౌండ్లు, వెనక లాగేదానితో కలిపి 42,000 పౌండ్లు దాటకూడదు. వెనక తగిలించే కొక్కెం (హిచ్) 10,000 పౌండ్ల వరకూ లాగుతుంది. జూన్‌లో పిల్లలతో డెన్వర్ మీదుగా ఐ-70 రోడ్డులో గ్లెన్‌వుడ్ స్ప్రింగ్స్ దాకా వెళ్లాలనుకుంటున్నాం. మా జీప్ రాంగ్లర్‌ను నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి టో బార్‌తో (రెండు బండ్లనూ కలిపే ఇనుప కడ్డీతో) లాగుతాం. దాని బరువు దాదాపు 4,300 పౌండ్లు.

టో బార్ బిగించిన మనిషి, గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ బ్రేకులున్న ఇంత పెద్ద బండికి జీప్ ఒక లెక్కా, దానికి వేరే బ్రేకు దండగ అన్నాడు. మా ఆవిడ మాత్రం, దారిలో ఆ బార్ ఊడిపోతే జీప్‌ను ఆపేది ఎవరని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అనుభవజ్ఞులు ఏమంటారో తెలుసుకుందామని అడుగుతున్నాను.

కొండదారి:

తప్పనిసరి. మీ పట్టీ మీది రెండు అంకెలూ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. 42,000 అనేది ఇంజిన్, గేర్‌బాక్స్, చాసీ (బండి అడుగు చట్రం) కలిసి లాగగలిగిన బరువు. బ్రేకుల లెక్క 32,000 దగ్గరే ఆగిపోతుంది. అంతకు పైబడిన ప్రతి పౌండూ తన బ్రేకు తానే తెచ్చుకోవాలని చాసీ తయారీదారుల పుస్తకాలే చెబుతాయి. నీళ్ల ట్యాంకూ డీజిల్ ట్యాంకూ నింపి, కుటుంబమంతా ఎక్కాక ట్రక్ స్టాపులోని కాటా మీద ఒకసారి తూకం వేయించండి. చాలామంది బండ్లు జీప్ తగిలించకముందే 32,000 అంచున ఉంటాయి.

మీరు వెళ్లే దారినే తీసుకుందాం. ఐ-70 మీది ఐసెన్‌హోవర్ సొరంగం పడమటి ముఖద్వారం 11,158 అడుగుల ఎత్తున ఉంది. అక్కడి నుంచి సిల్వర్‌థోర్న్ ఊరు చేరేసరికి, కొన్నిచోట్ల ఏడు శాతం దాకా ఉండే వాలులో, 2,000 అడుగులకు పైగా దిగుతారు. బండీ జీపూ కలిసి 36,300 పౌండ్లనుకుంటే ఆ దిగుడులో వదిలించుకోవలసిన శక్తి సుమారు 27 యూనిట్ల కరెంటుకు సమానం, అంటే ఇక్కడి ఒక సాధారణ ఇల్లు రోజంతా వాడేటంత. అదంతా పది పన్నెండు నిమిషాల్లో కొంత గాలి, టైర్ల రాపిడికీ, కొంత ఇంజిన్‌కూ పోగా మిగిలింది డ్రమ్ముల్లో వేడిగా మారాలి. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి బ్రేకు షూకు దూరంగా జరుగుతుంది కాబట్టి, పెడల్ ఎంత తొక్కినా పట్టు తగ్గిపోతుంది.

మీ ఆవిడ గారి ప్రశ్నకైతే జవాబు ఒక్కటే. బార్ ఊడి బ్రేక్‌అవే స్విచ్ తీగ లాగబడగానే జీప్ బ్రేకులు వాటంతట అవే పడాలి. ఆ ఏర్పాటు లేకుండా సేఫ్టీ కేబుళ్లు కూడా తెగితే, రెండు టన్నుల ఇనుము ఎదుటి లేనులోకి దానిష్టం వచ్చినట్టు పోతుంది.

లారీ డ్రైవర్ కొడుకు:

కొండదారి గారి లెక్క తప్పని అనను, కానీ ఆ 27 యూనిట్లలో జీప్ వాటా మూడు యూనిట్లకు కాస్త ఎక్కువ, అంతే. మిగతా ఇరవై నాలుగు మోటార్‌హోమ్‌వే. ఆ మూడింటి కోసం వందల, ఒక్కోసారి వేల డాలర్ల పరికరం కొని, ఇరవై నాలుగింటి సంగతి మరిచిపోయేవాళ్లను చాలామందిని చూశాను.

మా నాన్న ముప్పై ఏళ్లు సరుకు లారీ నడిపారు. శ్రీశైలం ఘాట్‌లో ఆయన పక్కన కూర్చుని నేను నేర్చుకున్నది ఒక్కటే: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలి. నేటి డీజిల్ బండ్లకు ఇంజిన్ పొగను అడ్డగించి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు ఉంది, ఆరు గేర్ల ఆటోమేటిక్ ఉంది. వాలు మొదలయ్యేలోపే వేగం తగ్గించి, కింది గేరు వేసి, ఇంజిన్ చుట్లు 2,000 చుట్టుపక్కల ఉంచితే కాలి బ్రేకు పని చాలా తక్కువ.

నా అనుభవం కూడా వినండి. పెడల్ ముందు పెట్టే పెట్టె రకం బ్రేకు ఒకటి కొన్నాను. బండి వేగం తగ్గుతోందని పసిగట్టి అది కారు పెడల్‌ను నొక్కుతుంది. వుల్ఫ్ క్రీక్ కనుమ దాటి పగోసా స్ప్రింగ్స్ వైపు దిగుతున్నప్పుడు నేను కాలి బ్రేకు దాదాపు ముట్టుకోలేదు, ఎగ్జాస్ట్ బ్రేకు మీదే దిగాను. ఆ పెట్టె మాత్రం ఇంజిన్ వల్ల తగ్గుతున్న వేగాన్ని చూసి మైళ్ల తరబడి పెడల్ నొక్కుతూనే ఉంది. కింద ఆగేసరికి ముందు చక్రాల నుంచి పొగ! ప్యాడ్లూ రోటర్లూ మార్చాల్సి వచ్చింది. ఆ పరికరం లేకపోతే ఆ నష్టమే ఉండేది కాదు.

పాత స్పానర్:

నేను పాతికేళ్లుగా పెద్ద డీజిల్ బండ్లు బాగుచేస్తున్నాను. ఇద్దరూ ఒకే పేరుతో రెండు వేర్వేరు వస్తువుల గురించి మాట్లాడుతున్నారు.

లారీ డ్రైవర్ కొడుకు గారూ, మీ కారును కాల్చింది బ్రేకు కాదు, దాని అమరిక. పెట్టె రకాల్లో చాలావాటికి సున్నితత్వాన్ని తగ్గించే మీట ఉంటుంది. బ్రేకు లైటు సంకేతం వస్తేనే పనిచేసేలా కూడా అమర్చవచ్చు. ఇందులో ఇంకో మెలిక ఉంది. కొన్ని మోటార్‌హోమ్‌లలో ఎగ్జాస్ట్ బ్రేకు పడినా వెనక బ్రేకు లైట్లు వెలుగుతాయి, కొన్నింటిలో వెలగవు. వెలిగే బండికి ఆ సంకేతాన్నే నమ్ముకునే పరికరం పెడితే మళ్లీ అదే పొగ. కాబట్టి కొనేముందు వెనక ఒకరిని నిలబెట్టి మీ బండిది ఏ రకమో చూసుకోండి. ఎయిర్ బ్రేకుల బండికి నేను చెప్పేది, కాలి బ్రేకు గొట్టంలోని గాలి ఒత్తిడిని బట్టి నడిచే రకం. మీరు కాలితో ఎంత తొక్కితే జీప్ బ్రేకు ఆ నిష్పత్తిలోనే పడుతుంది. ఎగ్జాస్ట్ బ్రేకు వేసినప్పుడు అది కదలనే కదలదు.

ఇంజిన్ ఆగి ఉన్న కారులో బూస్టర్ వాక్యూమ్ (పెడల్‌ను తేలిక చేసే శూన్య ఒత్తిడి) ఒకటి రెండు తొక్కుళ్లకే అయిపోయి పెడల్ రాయిలా మారుతుంది. మంచి పరికరాలు వాక్యూమ్‌ను కూడా తామే అందిస్తాయి. అందించని రకం పెడల్‌ను ఎంత బలంతో నొక్కాలో జీప్ ఇంజిన్ ఆపి ఉంచే సరిచూడాలి.

అయితే లారీ గారి అసలు మాటతో ఏకీభవిస్తాను. మోటార్‌హోమ్ సొంత బ్రేకులు చూసుకోకుండా జీప్ బ్రేకు గురించి వాదించడం తలకిందుల వ్యవహారం. బయల్దేరేముందు గాలి పూర్తిగా నిండాక ఇంజిన్ ఆపి, చక్రాలకు దిమ్మెలు పెట్టి, పార్కింగ్ బ్రేకు వదిలి, కాలి బ్రేకు గట్టిగా తొక్కి నిమిషం పట్టుకోండి. ఆ నిమిషంలో గాలి ఒత్తిడి మూడు పీఎస్ఐకి (చదరపు అంగుళానికి పౌండ్లు) మించి పడకూడదు. తర్వాత పెడల్ పదే పదే తొక్కి గాలి ఖాళీ చేస్తూ పోతే, ముల్లు 60 పీఎస్ఐ ప్రాంతానికి వచ్చేసరికి బజర్ మోగాలి. గాలిలోని తేమను తీసే ఎయిర్ డ్రయ్యర్ లోపలి కార్ట్రిడ్జిని రెండు మూడేళ్లకోసారి మార్చకపోతే తేమ వాల్వుల్లోకి చేరుతుంది.

ఎవరూ ఎత్తని విషయం రేడియేటర్. వెనక రేడియేటర్ ఉన్న బండ్లలో ఇంజిన్ అడుగు పెట్టె (క్రాంక్‌కేస్) గొట్టం వదిలే నూనె ఆవిరి, ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచే చార్జ్ ఎయిర్ కూలర్ రెక్కల మీద పేరుకుంటుంది, దాని మీద దుమ్ము మెత్తుకుంటుంది. వెనక నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది, మురికంతా ఇంజిన్ వైపున ఉంటుంది. చదును నేల మీద తేడా తెలియదు. ఎండలో జీప్‌ను లాగుతూ కొండ ఎక్కినప్పుడు వేడి చూపే ముల్లు పైకి పోతుంది, కంప్యూటర్ ఇంజిన్ శక్తిని కోసేస్తుంది. పాతది కొన్నవాళ్లు ముందు చేయించాల్సిన పని నూనె వదిలించే ద్రావణంతో ఆ కడుగుడు. పెద్ద ఒత్తిడి నీళ్లు కొడితే రెక్కలు వంగిపోతాయి. టైర్ల గీతలు చూసి మురిసిపోకండి, టైరు ఎప్పుడు తయారైందో చెప్పే, పక్కనున్న నాలుగంకెల వారం-సంవత్సరం గుర్తు చూడండి.

రూలు పుస్తకం:

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. టెక్సస్‌లో 4,500 పౌండ్లు, అంతకు లోపు బరువున్న ట్రైలర్‌కు సొంత బ్రేకులు అక్కర్లేదు. చాలా రాష్ట్రాల్లో ఆ గీత 3,000 దగ్గరే ఉంది, కొలరాడో వాటిలో ఒకటి. నేల మీద దొర్లే కారు ట్రైలర్ కిందికి వస్తుందా అన్నదాని మీద వాదులాడుకోవచ్చు, కానీ ప్రమాదం జరిగాక అవతలి లాయర్ ముందు ఆ వాదన వినిపించాల్సిన అవసరం మనకెందుకు? ఇంకో మాట: టెక్సస్‌లో 26,000 పౌండ్లు దాటిన మోటార్‌హోమ్‌కు మామూలు క్లాస్ సి లైసెన్సు చాలదు, వాణిజ్యేతర క్లాస్ బి కావాలి. బాటసారి గారూ, మీ దగ్గర ఉందా?

లారీ డ్రైవర్ కొడుకు:

స్పానర్ గారు చెప్పిన బ్రేకు లైటు మెలిక నాకు తెలియదు, ఒప్పుకుంటాను. బ్రేక్‌అవే గురించి కూడా నా దగ్గర ఎదురు వాదన లేదు. మూడు యూనిట్ల లెక్క బార్ ఊడనంత సేపే చెల్లుతుంది. అయినా నా వరస మార్చుకోను: మోటార్‌హోమ్ బ్రేకులు, రేడియేటర్, డ్రైవర్‌కు వాలు దిగడం, ఆ తర్వాతే జీప్ బ్రేకు.

కొండదారి:

వరస మీరు చెప్పిందే ఉండనివ్వండి, కానీ నాలుగోది ఇంటి దగ్గర వదిలేసి బయల్దేరవద్దు. బాటసారి గారు టో బార్ మట్టం కూడా చూసుకోవాలి. హిచ్ వైపు కొస జీప్ వైపు కొస కంటే మూడు నాలుగు అంగుళాలకు మించి ఎత్తుగా ఉంటే, గట్టి బ్రేకు పడినప్పుడు జీప్ ముందుకు తోసుకొచ్చి బార్‌ను వంచుతుంది. టో బార్ తగిలించి ఉండగా వెనక్కి నడపవద్దు. పెట్రోలు బంకులో ఇరుక్కుంటే జీప్‌ను విప్పడమే మార్గం.

డల్లాస్ బాటసారి:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం మా అబ్బాయిని వెనక నిలబెట్టి ఎగ్జాస్ట్ బ్రేకు వేశాను, లైట్లు వెలిగాయి. కాబట్టి స్పానర్ గారు చెప్పిన గాలి ఒత్తిడి రకమే తీసుకుంటున్నాను. తూకం శనివారం. నిమిషం పరీక్షలో గాలి ఐదు పీఎస్ఐ పడింది, అందువల్ల ముందుగా బండి షెడ్డుకే వెళుతోంది. క్లాస్ బి లైసెన్సు లేదని ఇక్కడ ఒప్పుకుంటున్నాను. పరీక్షకు తేదీ తీసుకున్నాను. మా ఆవిడకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను, ఇంత మందిని అడగాల్సిన పనేముందని అడిగింది.

లారీ డ్రైవర్ కొడుకు:

అంతా బాగుంది. సిల్వర్‌థోర్న్ వాలు ఏ గేరులో దిగుతారో మాత్రం ఇంకా చెప్పలేదు.