మన షాకబ్జార్లు మనమే తెచ్చుకుంటే లేబర్ రెట్టింపా?

పాతస్విఫ్ట్:
నాది 2014 స్విఫ్ట్, 92 వేల కిలోమీటర్లు తిరిగింది. స్పీడ్ బ్రేకర్ దిగితే ముందు భాగం రెండు మూడు సార్లు ఊగేది. నాలుగు షాకబ్జార్లూ ఆన్‌లైన్‌లో తెప్పించాను, 11,200 అయ్యాయి. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి తీసుకెళ్తే బిగించడానికి 5,500 అన్నారు. సామాను వాళ్ల దగ్గరే తీసుకుంటే లేబర్ 2,800 అట. బండి అదే, బోల్టులు అవే, చేసే చెయ్యి అదే. మరి ఆ 2,700 దేనికి? సెలవు పెట్టి వెళ్లాను కాబట్టి ఇచ్చేశాను. ఇరవై రోజులు తిరక్కుండానే స్టీరింగ్ తిప్పితే ముందు నుంచి కటకటమని చప్పుడు. అడిగితే "సామాను మీది, మాకు సంబంధం లేదు" అన్నారు. విప్పి చూడటానికే మళ్లీ 1,500 కావాలట. ఇది న్యాయమేనా?

గోదారోడు:
పట్టపగలు దోపిడీ. మా రాజమండ్రిలో 2,000కి చేస్తారు.

రెంచి18:
నాకు సొంత షెడ్డు ఉంది, పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. పని ఒకటే అంటున్నారు, ఒకటి కాదండీ. సామాను నేను ఇస్తే, అది పోయినప్పుడు మార్చి ఇచ్చేది నేనే, మళ్లీ విప్పి బిగించే కూలి కూడా నాదే. మీరు తెచ్చిన పెట్టెలో ఏముందో నాకు తెలియదు. పోయిన నెల ఒకాయన డీజిల్ బండికి పెట్రోల్ బండి స్ప్రింగులు తెచ్చారు. సగం విప్పాక తెలిసింది. బండి రెండు రోజులు లిఫ్ట్ మీదే ఉంది, ఆ రెండు రోజులూ ఇంకో బండి ఎక్కించలేకపోయాను.

లెక్కలమాస్టారు:
అదంతా సరే. నాలుగు షాకబ్జార్లకి ఎంత సేపు పడుతుంది? రెండు గంటలు. నేను పక్కన నిలబడి చూశాను. రెండు గంటలకి 5,500 అంటే గంటకి 2,750. ఏ లెక్కన?

రెంచి18:
మాస్టారూ, వెనక రెండూ గంటలోపు అయిపోతాయి, స్విఫ్ట్‌కి వెనక స్ప్రింగు వేరు, షాకబ్జార్ వేరు. ముందువి అలా కాదు. అక్కడ షాకబ్జార్, స్ప్రింగు కలిసి ఒకటే భాగం, దాన్నే స్ట్రట్ అంటాం. ఆ స్ట్రట్ మొత్తం దించాలి, కంప్రెసర్ పెట్టి స్ప్రింగు నొక్కాలి, అప్పుడే పై నట్టు విప్పాలి. నొక్కిన స్ప్రింగు జారితే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. 2016లో మా కుర్రాడి వేళ్లు రెండు నలిగాయి. ఆసుపత్రి ఖర్చు ఏ బిల్లులో రాసుకోవాలి? ఇక తుప్పు పట్టిన బోల్టు తెగిందంటే ఆ పూట అంతా దానితోనే.

లెక్కలమాస్టారు:
నేను చూసినప్పుడు ఏ బోల్టూ తెగలేదు. రెండు గంటలే పట్టింది.

డాలస్‌బావ:
ఇక్కడ చాలా షాపులు మనం తెచ్చిన పార్ట్‌లు అసలు ముట్టుకోవు. ముట్టుకున్నా లేబర్ మీద గ్యారంటీ లేదని ముందే సంతకం పెట్టించుకుంటారు.

పాతస్విఫ్ట్:
చూశారా, ముందే! నాతో ఆ మాట ముందు ఎవరూ అనలేదు. చప్పుడు వచ్చాక అన్నారు.

జీఎస్టీగారు:
బిల్లు తీసుకున్నారా? 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు విడిభాగాల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. లేబర్ మీద ఎప్పటిలాగే 18.

పాతస్విఫ్ట్:
చిన్న చీటీ మీద అంకె రాసిచ్చారండీ, అంతే.

లెక్కలమాస్టారు:
అసలు విషయం నేనే చెబుతాను. ఈ షెడ్లవాళ్ల బాధంతా కమీషన్ పోయిందనే. రెంచి18 గారూ, స్పేర్ పార్ట్స్ షాపు నుంచి కమీషన్ తీసుకోరా మీరు? అవునో కాదో చెప్పండి.

రెంచి18:
తీసుకుంటాను. దాచాల్సిన అవసరం నాకు లేదు. ఎందుకు తీసుకుంటానో కూడా వినండి. నేను లేబర్ 5,500 అని నిజమైన రేటు చెబితే ఒక్కరూ బండి ఆపరు. 2,800 అంటే ఆగుతారు. మిగతాది సామాను మీద రావాలి, లేకపోతే షెడ్డు అద్దె, ఇద్దరి జీతాలు, కరెంటు గడవవు. సామాను మీద వెయ్యి ఎక్కువైనా ఎవరూ అడగరు. చేతి పని మీద రెండు వందలు పెంచితే దొంగని చూసినట్టు చూస్తారు. పద్దెనిమిదేళ్లుగా నా మనసుకి కష్టంగా ఉన్నది ఇదే. పాతస్విఫ్ట్ గారి దగ్గర తీసుకున్న 5,500 ఎక్కువ రేటు కాదు, అసలు రేటు అదే. 2,800 అన్నదే అబద్ధం.

గోదారోడు:
అన్నా, ఇది మొదటే చెప్పాల్సింది.

పాతస్విఫ్ట్:
అదే నా కోపం కూడా. కూలి ఎంతో, సామాను మీద ఎంతో విడివిడిగా చెబితే నేను ఇచ్చేవాణ్ణే. తెలియకుండా ఇవ్వడమే మింగుడుపడలేదు.

రెంచి18:
ఒకటి అడుగుతాను, ఏమనుకోకండి. స్ట్రట్ పైభాగాన్ని బండికి పట్టి ఉంచే మౌంటింగులు, వాటి బేరింగులు కొత్తవి వేయించారా?

పాతస్విఫ్ట్:
లేదు. రెండింటికీ 1,400 అవుతుందన్నారు. మళ్లీ కమీషన్ కోసమే అడుగుతున్నారనుకుని వద్దన్నాను.

రెంచి18:
మీ చప్పుడు అక్కడిది కావచ్చు. స్టీరింగ్ తిప్పినప్పుడు స్ట్రట్ కూడా తిరుగుతుంది, పైన బేరింగు మీద. 92 వేలు తిరిగిన బేరింగు పట్టేస్తే స్ప్రింగు మెలితిరిగి ఒక్కసారిగా జారుతుంది, అదే ఆ కటక్. మీ షాకబ్జార్లు మంచివే అయ్యుండొచ్చు. వెనక షాకబ్జార్ల రబ్బరు బుష్‌ల బోల్టులు చక్రాలు నేల మీద ఉండగా బిగించారో లేదో కూడా కనుక్కోండి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగే ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. చక్రాల అలైన్‌మెంట్ చేయించారా?

పాతస్విఫ్ట్:
చేయించలేదు. అదీ డబ్బు లాగడానికే అనుకున్నాను.

లెక్కలమాస్టారు:
మౌంటింగు మార్చాలని ఒక్క ముక్క వివరించి చెప్పి ఉంటే ఆయన వద్దనేవారు కాదు కదా. పని మాత్రం రెండు గంటలదే, ఆ మాట మీద నేను ఉన్నాను.

రెంచి18:
వివరించకపోవడం ఆ షెడ్డువాళ్ల తప్పే మాస్టారూ. నేనూ బండ్లు వరసగా ఉన్న రోజు వివరించను.

పాతస్విఫ్ట్:
శనివారం అదే షెడ్డుకి వెళ్తున్నాను. మౌంటింగులు వాళ్ల దగ్గరే కొంటాను, 1,500 కూడా ఇస్తాను. విప్పేటప్పుడు పక్కన ఉండి పాత బేరింగు చేత్తో తిప్పి చూస్తాను. పట్టేసి ఉంటే తప్పు నాది. సాఫీగా తిరిగితే మాత్రం ఆ 1,500 వెనక్కి ఇవ్వాలని ముందే కాగితం మీద రాయించుకుంటాను.

రెంచి18:
రాయించుకోండి. నా షెడ్డయితే నేను సంతకం పెడతాను.