తప్పని తేలిన లెక్క ఎన్నికల్లో ఎలా గెలుస్తోంది?

ఎంవీపీ మాస్టారు:
నిన్న ట్యూషన్లో ఓ కుర్రాడు అడిగాడు, జవాబు తట్టక ఇక్కడ పడేస్తున్నాను. దిగుమతులకు అడ్డుకట్ట వేస్తే దేశం బాగుపడుతుందన్న వాదాన్ని ఆడమ్ స్మిత్ 1776లోనే ఉతికి ఆరేశాడు. 1930లో అమెరికా స్మూట్-హాలీ చట్టంతో సుంకాలు పెంచబోతుంటే 1,028 మంది ఆర్థికవేత్తలు వద్దు మొర్రో అని సంతకాలు పెట్టారు. అధ్యక్షుడు హూవర్ పెడచెవిన పెట్టాడు, మిగతా దేశాలు ఎదురు సుంకాలు వేశాయి. అయినా 2024 ఎన్నికల్లో ట్రంప్ ‘సుంకం పరాయి దేశాలే కడతాయి’ అంటే జనం చప్పట్లు కొట్టారు. ఎలా?

రొయ్యల లెక్కలు:
మాస్టారూ, నేను రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో బిల్లులు చూస్తాను. కంటెయినర్ అమెరికా రేవులో దిగాక కస్టమ్స్‌కి డబ్బు కట్టేది అక్కడి దిగుమతిదారే. కాగితం మీద అంతే. 2025 ఆగస్టు 27న మన మీద సుంకం 50 శాతమయ్యాక కొనేవాడు ఫోన్ చేసి ‘ఈక్వడార్ సరుక్కి 15 శాతమే, రేటు తగ్గించు’ అన్నాడు. మేం ఏజెంటుకి తగ్గించాం, ఏజెంటు చెరువు గట్టున రైతుకి కోశాడు. కాబట్టి ట్రంప్ మాట పచ్చి అబద్ధం అనలేను. పాత వాదాలు చావకపోవడానికి ఇదో కారణం. ఎక్కడో ఓ చోట కాస్త నిజమై కూర్చుంటాయి.

ఉక్కునగరం పెద్దాయన:
ఏటండీ ఈ గొడవ! ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని 1966లో 32 మంది ప్రాణాలిచ్చారు. సొంత గనులు లేని ప్లాంటుని చవక విదేశీ ఉక్కు ముందు నిలబెట్టి పోటీ పడమంటే అదేం శాస్త్రం? 2025 ఏప్రిల్లో కేంద్రం ఉక్కు దిగుమతుల మీద 12 శాతం సుంకం వేసింది. మంచి పని చేసింది.

ఆటోనగర్ రేకుల షాపు:
పెద్దాయనా, గౌరవంతోనే చెప్తున్నా. ఆ 12 శాతం కాయిల్స్, షీట్లు, ప్లేట్ల మీద. మన ప్లాంటులో వచ్చేవి కడ్డీలు, వైర్ రాడ్లు. మీకు నేరుగా ఒరిగిందేం లేదు, తగిలింది నాకు. మార్చిలో పదహారు రోలింగ్ షట్టర్లకి కొటేషన్ ఇచ్చాను. మేలో రేకు కొనబోతే రేటు మారిపోయింది. మాటిచ్చాక పెంచమని అడగలేం కదా, చేతి డబ్బు వదిలింది. షట్టరు బిగించుకున్న కిరాణా ఆయనకి ఈ సంగతే తెలీదు. నేను ధర్నా చేస్తే ఎవరొస్తారు? నేనూ, నా వెల్డరూ.

ఎంవీపీ మాస్టారు:
అదీ విషయం! 2018లో అమెరికా వాషింగ్ మెషీన్ల మీద సుంకం వేస్తే వాటి ధర దాదాపు 12 శాతం పెరిగింది. తమాషా ఏంటంటే సుంకం లేని డ్రయర్ల ధరా అంతే పెరిగింది, రెండూ జతగా కొంటారు కాబట్టి. కొత్తగా వచ్చినవి 1,800 ఉద్యోగాలు. ఒక్కోదానికి జనం జేబులోంచి ఏటా 8 లక్షల డాలర్లకు పైగా పోయిందని ఆర్థికవేత్తలు లెక్క తేల్చారు. కానీ ఆ 1,800 మంది ఫ్యాక్టరీ గేటు ముందు ఫొటోకి నిలబడతారు. మెషీన్ కొన్నవాళ్లు ఎక్కడ నిలబడతారు? ఆర్థికవేత్త మాన్సర్ ఓల్సన్ 1965లో చెప్పింది ఇదే: కొద్దిమందికి పెద్ద లాభముంటే గుంపు కడతారు, కోట్లమందికి తలా కాస్త నష్టమైతే ఎవరూ కదలరు.

పెదవాల్తేరు:
జనాన్నే అంటారేం? నాయకులకి ఈ లెక్కలు తెలీకనా! సుంకం వేస్తే ఖజానాకి డబ్బు, ఫ్యాక్టరీ యజమానికి మేలు, పైగా విదేశీవాణ్ని దెబ్బకొట్టాడన్న పేరు. ఇంత గిట్టుబాటయ్యే తప్పుని ఎవడు వదులుకుంటాడండీ?

రొయ్యల లెక్కలు:
మన విశాఖ సంగతీ చూడండి. రొయ్యలు ఎగుమతి చేసే హార్బర్ వైపు సుంకం అన్యాయం, ఉక్కు ప్లాంటున్న గాజువాక వైపు సుంకం న్యాయం. మధ్యలో పది మైళ్లు కూడా లేవు.

ఉక్కునగరం పెద్దాయన:
షీట్ల సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటాను. గనుల మాట మాత్రం వదలను. మాస్టారూ, ఆ 1930 కాగితం మీద సంతకాలు ఎన్నన్నారు, 1,028? కూర్మన్నపాలెంలో మా యూనియన్ మామూలు మీటింగుకే అంతకన్నా ఎక్కువమంది వచ్చేవారు.